ఇంకేమన్న ఉన్నదా?

తాండూరుల బండల పాలిష్ ఫ్యాక్టరీ. పొద్దటి షిఫ్టుకు ఆమె సూపర్‌వైజర్, మధ్యాహ్నం షిఫ్టుకు నేను. ఆమెకంటే ముందు చేరినోణ్ణి.

కూలీలు ఏం చెప్పొచ్చినా ఆమె చేతుల పని పక్కన పెట్టి, ఎదురుంగ కూసొని వినేది. వాళ్లు ఆపినంక "ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగేది. గంతే. ఆమె షిఫ్టుల బండ పగిలితే, పగలగొట్టినోడే వచ్చి చెప్పేటోడు. నా షిఫ్టుల పగిలినవన్నీ మంచి బండల కింద దొరికేటివి.

వికారాబాద్‌ల నాయకత్వం మీద క్లాసులు పెడితే సెలవు పెట్టి మరీ పోయిన. ఎవరి పద్ధతి వాళ్లే తయారు చేసుకోవాలన్నరు. ఎంత ఆలోచించినా నాకు ఆమె పద్ధతి తప్ప ఇంకోటి తోచలే. మర్నాడు సెలవు అడగొచ్చిన కూలీ చెప్పిందంత విని, నేను సుత "ఇంకేమన్న ఉన్నదా?" అన్న. ఆయన బెదిరిపోయి, "వద్దు సార్, సెలవొద్దు" అని మళ్ల పనిలకు పోయిండు.

ఆఖరికి మేనేజర్ కుర్చీ ఆమెకే ఇచ్చిన్రు. ఆ సాయంత్రమే ఆమె గదికి పోయిన. ఇన్నేండ్ల నా కష్టం ఎవరికీ కనబడలేదా అని గట్టిగనే అడిగిన. ఆమె ఆ కొత్త కుర్చీలకెళ్లి లేచి, వచ్చి నా పక్కన బల్ల మీద కూసున్నది. అంత విన్నది.

"ఇంకేమన్న ఉన్నదా అన్నా?"

ఉన్నది. చీకటి పడేదాక చెప్పిన.

బస్సెక్కినంక చూసుకుంటే, నాకు కోపం సుత మిగల్లేదు. అది కూడా ఆమెనే తీసుకున్నది.