మేడం ఫోన్‌కి వచ్చిన కోడ్

నూజివీడు దగ్గర ఓ ఇంజినీరింగ్ కాలేజీలో నాది కంప్యూటర్ల ఉద్యోగం. ఎవరు లాగిన్ అవ్వచ్చో, ఎవరు అవ్వకూడదో తేల్చే సాఫ్ట్‌వేర్‌కి నేనే కాపలా. అది సరిగ్గా నడిచినన్నాళ్లూ నేనొకణ్ణి ఉన్నానని ఎవరికీ గుర్తుండదు.

ఆ వేసవిలో దానికి కొత్త వెర్షన్ వస్తే, ఆదివారం ఎవరూ లేనప్పుడు ఎక్కించాను. అంతకుముందు కాలేజీ లోపలి కంప్యూటర్లకు ఫోన్ కోడ్ నుంచి మినహాయింపు ఉండేది, పాస్‌వర్డ్ కొడితే చాలు. కొత్త వెర్షన్ ఆ సెట్టింగ్ పేరు మార్చేసి, మేం పెట్టుకున్నదాన్ని చెప్పాపెట్టకుండా పక్కన పడేసింది. సోమవారం పొద్దున్న చూస్తే, ఫోన్‌కి వచ్చిన కోడ్ కొడితేగాని ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు.

ప్రిన్సిపాల్ గారు ఎప్పుడో తన నంబరు బదులు భార్య నంబరు ఇచ్చారు. ఆయన కోడ్‌లన్నీ వంటింట్లో మోగుతున్నాయి. భోజనాల వేళకల్లా పాత పద్ధతి పెట్టెయ్యమని నన్ను కేకలేశారు. భద్రత గురించి వాదించేంత శూరుణ్ణి కాను, సరేనన్నాను.

అప్పుడే లెక్కల మేడం నా గదికి వచ్చింది. చర్చిలో పాటలు నడిపించే మనిషి, గొంతు పెంచకుండానే గది నిండిపోతుంది. ఫోన్ నా ముందు పెట్టింది.

"నేను పొద్దుట్నుంచీ కంప్యూటర్ ముట్టుకోలేదండి. నాకీ కోడ్ ఎందుకొచ్చింది?"

వెతికితే, ఆవిడ పేరుతో లాగిన్ అవ్వబోయిన కంప్యూటర్ ఆవిడ డిపార్ట్‌మెంటు పెద్ద, హెచ్ఓడీ గదిలోది. అక్కణ్ణుంచే మిగతా లెక్చరర్ల పేర్లతోనూ ప్రయత్నాలున్నాయి. లెక్చరర్లు ఎవరికి వారు లాగిన్ అయి తమ హెచ్ఓడీకి మార్కులు వేయాల్సిన వారం అది. చేరినరోజు ఆయన చేతుల మీదుగా ఇచ్చిన పాస్‌వర్డే అందరూ ఇంకా వాడుతున్నారు. ఏటా ఆయనకు నూటికి నూరు ఎలా వస్తున్నాయో, ఉత్తమ హెచ్ఓడీ అని శాలువా ఎందుకు కప్పుతున్నామో నాకప్పుడు అర్థమైంది.

ఆయన ముసునూరు మామిడితోట నుంచి చిన్నరసాలు ఏటా నాకో బుట్ట వస్తాయి. అందుకే నోరు మూసుకునేవాణ్ణేమో. కానీ మేడం నా భుజం మీదుగా స్క్రీన్ అంతా చదివేసింది.

ఇంతలో హెచ్ఓడీయే వచ్చాడు, నవ్వుతూ. "అమ్మా, ఏదో టెస్టింగు చేస్తున్నాం. మీకొచ్చిన నంబరు ఒకసారి చెప్పండి."

"చెప్తానండి. నా పేరు మీద మీకు ఎన్ని మార్కులు వేస్తున్నారో ముందు చూపించండి."

ఆయన నా వైపు చూశాడు. నేను కీబోర్డు వైపు చూశాను.

మేడం నన్ను వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. ఆయన అంతా విని, కొత్త సెట్టింగే ఉండనివ్వమన్నారు. అందరిచేతా పాస్‌వర్డ్‌లు మార్పించాను. మార్కులు మళ్లీ వేయించారు. హెచ్ఓడీ కుర్చీ మాత్రం కదల్లేదు. ఇలాంటివాటికి కుర్చీలు కదలవు. శాలువా ఆ ఏడు ఇంకో డిపార్ట్‌మెంటుకు వెళ్లింది.

మరి మీరెన్ని వేశారని మేడంని అడిగాను.

"పాఠం బాగానే చెప్తారండి," అంది. "దానికి వేశాను."