రబ్బరు తమ్ముడు

తొంభైల చివర్లో, గుండె ఆగిన మనిషికి ఛాతీ ఎలా నొక్కాలో నేర్పడానికి హుకుంపేట దగ్గరి ఊరికి మనిషి ఆకారంలో ఉన్న రబ్బరు బొమ్మను పట్టుకెళ్లాను. దానికి నడుం కింద ఏమీ లేదు. చాపమీద పడుకోబెట్టి, నొక్కి చూపించి, "ఇక మీరు రండి" అంటే ఒక్కరూ కదల్లేదు. నాకు ఒళ్లు మండింది.

"అది రబ్బరు!" అని అరిచాను.

"ఏ ఊరోడో, ఏటి వరసో తెలీకుండా ఎలా ముట్టుకుంటాం బాబూ?" అంది ఓ ముసలమ్మ.

"నా తమ్ముడే అనుకోండి!"

అంతే, వంతులేసుకుని మధ్యాహ్నం దాకా చెమటలు కక్కుతూ నొక్కారు. నన్ను తీసుకొచ్చిన జీపువాడు హారన్ కొట్టగానే బొమ్మను సంచిలో కుక్కబోయాను. ముసలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పరాయోళ్లం, మేమే ఇంతసేపు నొక్కినాం. సొంత అన్నవి, అప్పుడే సంచిలో కుక్కేత్తన్నావేటి?"

హారన్ మోగుతూనే ఉంది. నేను మోకాళ్లమీద కూర్చుని మళ్లీ నొక్కడం మొదలుపెట్టాను.