డాక్ బంగళాలో చింతపండు

మా ఆయన బిలాస్‌పూర్‌లో రైలింజన్ నడిపి రిటైరయ్యారు. పెళ్లయినప్పటి నుంచి ఆయన డ్యూటీలకూ ఇంటికీ వండి వండి విసుగెత్తిన నాకు ఒకే కోరిక ఉండేది. ఒక్క పూట ఇంకెవరైనా వండిపెడితే కాళ్లు చాపుకుని తినాలి.

పోయిన చలికాలం రతన్‌పూర్ దాటాక అడవి అంచున ఉన్న పాత డాక్ బంగళాకు తీసుకెళ్లారు. తెల్లదొరల కాలం నాటిది. పెంకుల కప్పు, పెళ్లిపందిరంత వరండా. మంచాలు మాత్రం మా రైల్వే క్వార్టర్లోని వాటికంటే ఎక్కువ కిర్రుమంటాయి. ఎదురుగా కోతలైన వరిమళ్లలో మేకలు తిరుగుతున్నాయి, వాటి వెనక సాలచెట్ల అడవి. ముసలి వంటాయన సలాం చేసి, నాటుకోడి కూర చేస్తానన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంతలో మా ఆయన ఒక గుడ్డసంచి తీసి అతని చేతిలో పెట్టారు. బియ్యం, వంకాయలు, చింతపండు, మెంతులు, ఆఖరికి నూనెసీసా కూడా.

"ఏటండీ ఇది?"

"సామాను ఇయ్యకపోతే వంటోడు ఏటి వండుతాడే?"

డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూముల్లో పద్ధతి అది. ఇంటి నుంచి సరుకులు తెచ్చిస్తే అక్కడి వంటవాడు వండిపెడతాడు. మా ఆయనకు బిలాస్‌పూర్ పొలిమేర దాటితే లోకమంతా రన్నింగ్ రూమే.

కాసేపటికి వంటాయన చింతపండు పట్టుకుని వరండాలోకి వచ్చాడు. సాహెబ్ పులుసు పెట్టమన్నారట, తనకు రాదట, అమ్మగారు కాస్త వంటింట్లోకి వచ్చి చూపించాలట. నా పూట కాస్తా గంగలో కలిసిందనుకుని, కొంగు బిగించి లేచాను.

"నువ్వు కూకో. నాను సూస్తాను," అన్నారు మా ఆయన.

ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుందో తెలియని మనిషి. నన్ను పిలిచే కేక కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. కేక రాలేదు, పోపు వాసన వచ్చింది. అచ్చం నా పోపే. లోపల ఆయన వంటాయనకు చెబుతుంటే విన్నాను. సర్వీసంతా ప్రతి ఊళ్లోనూ వంటవాళ్ల పక్కన నిలబడి నా పులుసే చేయించుకున్నారట. చింతపండు ఎంత, బెల్లం ఎప్పుడు, అన్నీ తెలుసట. ఇంటికొచ్చేసరికి మాత్రం ఏమీ తెలియదు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే మొదటి ముద్ద నోట్లో పెట్టాను. ఆయన తన కంచం ముట్టకుండా నా మొహమే చూస్తున్నారు.

"ఉప్పు సరిపోనాదేటి?"

ఇన్నేళ్లూ ఆ మాట నేను అందరినీ అడిగాను. నన్నెవరూ అడగలేదు. ఇంకాస్త పులుసు వెయ్యమని కంచం ముందుకు జరిపాను.