వరసలో నాలుగో చోటు

1968 డిసెంబరులో నేను దిగేసరికి భోగాపురం దగ్గర సరుగుడు తోటలో ఉన్నవి: ఏడు గుర్రాలు, ఏడు జీనులు, మూడు గుడారాలు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఉలవల బస్తాలు. ఉన్నవాళ్ళు: సుబేదారు, లాడాలు కొట్టే సిపాయి, గుర్రమెక్కడం రాని ఏడుగురు కొత్త సిపాయిలు.

నేను పాలిటెక్నిక్ చదివి సైన్యం వర్క్‌షాపులో చేరినవాణ్ణి. ఇంజనైతే విప్పి చూడొచ్చు. గుర్రాన్ని విప్పలేం. అందుకే స్వారీ నేర్చుకుని శిక్షకుణ్ణి కావాలనుకున్నాను. ఈ ఏడుగురికీ నేర్పడానికి గడువు మూడు నెలలు. పరీక్ష తప్పితే మళ్ళీ వర్క్‌షాపే.

గుర్రం నిడివి ఎనిమిదడుగులు. ముందుదాని తోకకీ వెనకదాని ముట్టెకీ మధ్య నాలుగడుగులుండాలి. రోజూ ఉదయం ఆరింటికి తీరం వెంట వరసగా నడిపించేవాణ్ణి.

జనవరిలో గుర్రాల్ని సముద్రంలో కలిసే గెడ్డ దాటించమని ఉత్తర్వు వచ్చింది. ముందురోజే వెదురుగడతో లోతు కొలిచి జెండాలు పాతాను. లాడాల సిపాయిది కోటబొమ్మాళి; చుట్టరికం లేకపోయినా నన్ను బావా అనేవాడు.

“బావా, అక్కడ ఊబి ఉన్నాదని జాలారోళ్ళు సెప్తన్నారు. రోజుకో సోటికి మారతాదంట. నీ కర్రకేటి తెలుస్తాది?”

“కొలిచాను కదా.”

మూడు గుర్రాలు దాటాయి. నాలుగోది, చుక్క, కడుపుదాకా దిగబడింది. పైనున్న సిపాయిని తాడేసి లాగాం. చుక్కని లాగలేకపోయాం. పూర్తిగా మునిగిపోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అది ఒక్కసారి కూడా సకిలించలేదు. మిగతా ఆరూ రెండు ఒడ్ల మీదా కదలకుండా నిలబడి చూశాయి.

మర్నాడు వరసలో మూడోదాని వెనక ఖాళీ. వెనకదాన్ని మడమలతో అదిలించినా, కొరడా చూపినా ఖాళీ పూడలేదు. ముందువి ఆగితే అదీ ఆగేది. కొలిచాను. పదహారు అడుగులు. ఒక గుర్రానికీ, దాని ముందూ వెనకా నాలుగేసి అడుగులకీ సరిపోయేంత.

బదులు గుర్రం కావాలని వైర్‌లెస్‌లో అడిగాం. “లేదు. ఉన్నవాటితో కానివ్వండి.”

“ఆ సందు పరీక్షకొచ్చే పెద్దసారు కంటబడితే నీ పెట్టె సర్దుకో,” అన్నాడు సుబేదారు.

నెల గడిచినా సందు అలాగే ఉంది.

“సుక్క సచ్చిపోనాదని వాటికెవడు సెప్పాడు?” అన్నాడు లాడాల సిపాయి, గిట్ట చెక్కుతూ. “నువ్వే ఎల్లి ఆ సోట్లో నడువు. కాళీ సేసినోడివి నువ్వే కదా.”

ఎగతాళికే అన్నాడు. పరీక్ష రోజు నేను అదే చేశాను. మూడో గుర్రం వెనక కాలినడకన చేరాను.

“శిక్షకుడు వరసలో ఎందుకున్నాడు?” అన్నాడు పరీక్షించే అధికారి.

“గుర్రాలకి దగ్గరగా ఉండాలని, సార్.”

ఆయన తలూపి రాసుకున్నాడు. నేను నెగ్గాను.

మరుసటి ఏడాది మార్చిలో కొలువు గడువు ముగిసి విజయనగరం వచ్చేశాను. ఇప్పుడు కలిగినవాళ్ళ పిల్లలకి స్వారీ నేర్పుతున్నాను. యుద్ధం గురించి చెప్పమంటారు. నేను తుపాకీ పేల్చలేదు. నా కళ్ళముందు నుంచి పోనిది పరీక్షనాటి ఉదయపు తడి ఇసుక. నడుస్తున్నంతసేపూ వెనక గుర్రం ఊపిరి నా మెడకి తగులుతుందనుకున్నాను. తగల్లేదు. అధికారి వెళ్ళాక, వరస కదలకముందే టేపు తీశాను. మూడో గుర్రం తోక నుంచి నాకు నాలుగడుగులు. నా మడమ నుంచి వెనకదాని ముట్టెకి పన్నెండు. కలిపితే అవే పదహారు.