నూట పదహారు డాలర్లు

మా ఊరి బ్యాంకు మా ఇంట్లోనే ఉంది. ఇల్లు ఇప్పుడు మాది కాదు. తాతగారి కాలంలో లారీలూ పొలాలూ పోయాక అది కూడా చేతులు మారింది. కొన్నవారు ముందు హాలును బ్యాంకుకు అద్దెకిచ్చారు. ఇప్పుడు క్యాషు కౌంటరున్న చోట ఒకప్పుడు తాతగారి ఉయ్యాల బల్ల ఉండేది. దూలానికి ఆ ఇనుప కొక్కేలు ఇంకా ఉన్నాయి. ఒకదానికి ఫ్యాను తగిలించారు. అక్కడికి వెళ్ళినప్పుడు నేను బెంచీ మీద కూర్చోను. నిలబడే పని చూసుకొని వస్తాను. మా హాల్లో మేమే వంతు కోసం కూర్చోవడం నాకు చేతకాదు.

మాకు మిగిలినవి మైపాడు దగ్గర ఉప్పు కాలువ పక్కన రెండు గుంటలు. వరి పండని చవుడు నేల కాబట్టి అప్పట్లో ఎవరూ అడగలేదు, అందుకే మిగిలాయి. వాటిలో నేను పీతలు పెంచుతాను. మా వైపు ఎండ్రకాయలంటారు. వలల్లో పడిన మెత్తటివాటిని కొని, గుంటలో వదిలి, చిల్లర చేపలు మేపుతూ గుల్ల గట్టిపడి కండ పట్టేదాకా కాచుకోవాలి. పట్టుకు వచ్చాక మాత్రం ఆగకూడదు. ఆలస్యమైతే మళ్ళీ గుల్ల విడుస్తాయి, ఒకదాన్నొకటి తినేస్తాయి.

ఇన్నేళ్ళూ వాటిని కొన్నది ఒక దళారి. మాటకు మర్యాదస్తుడు, నన్ను అక్కా అనే పిలుస్తాడు. సరుకు చెన్నై మీదుగా సింగపూరు పోతుందనీ, ధర డాలర్లలో ఉంటుందనీ చెప్పింది కూడా అతనే. కాటా దగ్గర మాత్రం ఎప్పుడూ ఒకటే మాట.

"డాలరు పడిపోయిందక్కా. నేనేం చేసేది?"

డాలరు లేచిందని అతని నోట నేను ఎన్నడూ వినలేదు. పోయిన ఏడు గుంటలు తనకే కౌలుకు రాసిమ్మన్నాడు. "మీకెందుకక్కా ఈ బురదలో కష్టం? పెద్దింటోళ్ళు, నీడపట్టున కూర్చోండి" అన్నాడు. నా వయసులో సగం కూడా లేని మనిషి నాకు నీడ చూపిస్తున్నాడు.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఎగుమతి లైసెన్సు నా పేరనే తెచ్చుకున్నాను. సింగపూరులో కొనే సంస్థను వెతికి మాట్లాడాను. అక్కడ లెక్కలు చూసే ఆమె తమిళురాలు. మా నాయనమ్మది చెన్నపట్నం, కాబట్టి ఆ భాష నాకు కొత్త కాదు. ఆమె ఒక్కటే షరతు పెట్టింది. ముందు ఒక పెట్టె పంపాలి. దాని డబ్బు నా ఖాతాకు సక్రమంగా చేరి, అది సరుకు ధరేనని బ్యాంకులో బిల్లు తేలితే, గుంటల్లో ఉన్నదంతా తీసుకుంటారు. తేలకపోతే లేదు. అప్పుడిక సరుకు దళారికే పోవాలి, సరుకు వెనకే గుంటలూ పోతాయి. పీతలు అప్పటికే పట్టుకు వచ్చి ఉన్నాయి.

"పెట్టె ధర ఎంత వేయమంటారమ్మా?" అని అడిగింది.

"నూట పదహారు డాలర్లు."

"నూట ఇరవై వేస్తాను. మాకు లెక్క సులువు."

"వద్దు. మొదటి బేరం నూట పదహారే."

మా ఇంట్లో శుభమైన పనికి సున్నాతో ముగిసే అంకె పలకరు. ఆడబిడ్డలకు ఇచ్చినా, గుడికి ఇచ్చినా, కొత్తగా వ్యాపారం మొదలుపెట్టినా ఆ పదహారు వెంట ఉండాల్సిందే. బ్యాంకు ఖర్చులు వాళ్ళే భరించాలని కూడా చెప్పాను. నూట పదహారు దారిలో కోతపడి తొంభై అయితే ఇక ఆ అంకెకు అర్థమేముంది?

డబ్బు ఏ ఖాతాకు రావాలో చెప్పడానికి బ్యాంకుకు వెళ్ళాను. మేనేజరు గుంటూరు వైపు కుర్రాడు, నెమ్మదస్తుడు.

"మేడమ్, ఈ బ్రాంచికి విదేశం నుంచి డబ్బు ఎప్పుడూ రాలేదు. అది ముందు నెల్లూరు మెయిన్ బ్రాంచిలో దిగాలి, అక్కడ రూపాయల్లోకి మారాలి, అప్పుడు ఇక్కడికి. ఆ ఖాతా ఏదో నెల్లూరులోనే తెరవండి."

"ఇక్కడికే రావాలి" అన్నాను.

దళారి కూడా అప్పుడక్కడే ఉన్నాడు, బెంచీ మీద కాలు మీద కాలేసుకొని. "సింగపూరోడికి మన వూరు యాడ తెలస్తాదక్కా? నెల్లూరు నించి బస్సు రావడానికే ఆలోచిస్తాది, డాలరు వస్తాదా?" అన్నాడు. బెంచీ అంతా నవ్వింది. కౌంటరు వెనక ఉన్నవాళ్ళూ నవ్వారు. నేను కాగితం మీద సంతకం పెట్టి వచ్చేశాను.

పెట్టె చేరింది. సరుకు బాగుందని కబురూ వచ్చింది. తర్వాత మేనేజరే ఫోన్ చేసి డబ్బు పడిందన్నాడు. వెళ్ళి చూస్తే పైసా కోత లేదు. కానీ దాని పక్కన, ఏ కారణంగా వచ్చిందో రాసే చోట, బహుమతి అని ఉంది.

"ఎవరిచ్చారు బహుమతి?" అన్నాను.

"నెల్లూరులో అలా వేసేశారు మేడమ్. ఏదైతేనేం, రూపాయలు రూపాయలే కదా."

"మరి నా బిల్లు?"

అతను స్క్రీను చూసి తల గోక్కున్నాడు. "బిల్లు తేలనట్టే ఉంది. అది తేలందే పెద్ద సరుకు కాగితాలు కదలవు. ఈ విడతకు ఆయన ద్వారానే పంపేయండి" అని దళారి కూర్చునే బెంచీ వైపు చూశాడు. బెంచీ ఆ పూట ఖాళీగానే ఉంది.

అప్పటికప్పుడే బస్సెక్కి నెల్లూరు మెయిన్ బ్రాంచికి వెళ్ళాను. విదేశీ డబ్బు చూసే అధికారి రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్న మనిషి, మన జిల్లావాడే. అక్కడ కూడా నేను కూర్చోలేదు. కంప్యూటరులో నా పేరు కొట్టి, అంకె చూడగానే నవ్వాడు.

"ఇదా? నాకు బాగా గుర్తుండాదమ్మా. నూట పదహారు చూడంగానే పెళ్ళి చదివింపులనుకున్నా. ఎవరో మనోళ్ళు సింగపూరు నించి పంపినారు, పెళ్ళికి రాలేకపోయినట్టున్నారు పాపం అని నేనే బహుమతి కింద ఏసినా."

"కంపెనీ పేరు ఉంది కదండీ."

"మనోడి కంపెనీ అనుకున్నా. ఇంగ్లీషోడూ చీనావోడూ నూట పదహారు యాడ పంపుతారమ్మా?"

ఆయన తప్పేమీ అనిపించలేదు. ఆ స్థానంలో నేనున్నా అలాగే అనుకునేదాన్ని. అయినా చెప్పాల్సింది చెప్పాను. "మా ఇంట్లో చదివించినవాళ్ళే గాని చదివించుకున్నవాళ్ళు లేరు. అది నా సరుకు ధర."

బిల్లు తీసి ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు సవరించుకొని చదివాడు. "ఎండ్రకాయలకి బిల్లే నూట పదహారుకు రాసినారా?"

"రాసినాను. మొదటి బేరం."

ఆయన మెల్లగా లేచి, తన ఎదురుగా ఉన్న కుర్చీని నా వైపు జరిపాడు. "కూర్చోండమ్మా. దీన్ని మార్చి, బిల్లుకు జతచేసి ఇస్తా. చూసుకొనే పోదురు."

అప్పుడు కూర్చున్నాను.

ఆ వారంలోనే గుంటలు పట్టించాను. డెక్కలు తడి తాడుతో కట్టి, గోనె తడిపి కప్పి, పెట్టెలు వ్యానుకెక్కించి చెన్నై పంపాను. నా సగం ప్రాణం వాటితోనే పోయింది. చచ్చిన పీతకు ధర ఉండదు. మర్నాడు సింగపూరు నుంచి ఆమె గొంతు వినేదాకా నాకు అన్నం సయించలేదు. ఒక్కటి కూడా చావలేదంది.

డబ్బు వచ్చిన రోజు బ్యాంకులో జనం బాగానే ఉన్నారు. మేనేజరు లేచి నిలబడి, స్క్రీను నా వైపు తిప్పాడు. ఎన్ని డాలర్లో, ఒక్కో డాలరుకు ఎన్ని రూపాయలో, ఏ కారణంగా వచ్చిందో అన్నీ పక్కపక్కన ఉన్నాయి. డాలరు పడిపోలేదు. దళారి నాకు చివరిసారి చెప్పిన దానికంటే ఎంతో పైనే ఉంది. కారణం దగ్గర సరుకు ఎగుమతి అని ఉంది. ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకున్నాను. నా తలమీద, తాతగారి కొక్కేనికి వేలాడే ఫ్యాను తిరుగుతోంది.

"మన బ్రాంచికి మొదటిసారి మేడమ్" అన్నాడు మేనేజరు, తనే సంపాదించినట్టు.

వెనక్కి తిరిగితే బెంచీ మీద దళారి ఉన్నాడు. ఈసారి కాలు మీద కాలు లేదు. లేచి దగ్గరకొచ్చాడు.

"అక్కా, నా దగ్గరా కొంచెం సరుకుండాది. చెన్నైలో నా పైవాడు నాకూ సరిగ్గా ఇయ్యడంలేదు. మీ పేరన పంపుతారా?"

బెంచీ మీద ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"పంపుతాను" అన్నాను. "కాటా నా గుంట దగ్గర. ఆ రోజు డాలరు ఎంతుంటే అంత, ఈ స్క్రీను మీద నువ్వే చూసుకో."

"అట్నే అక్కా."

"మొదటి పెట్టె బిల్లు మాత్రం నూట పదహారుకే."

అతను తల ఊపాడు. తిరిగి వెళ్ళి బెంచీ మీద కూర్చొని, నాకు చోటిస్తూ పక్కకు జరిగాడు. నేను ఆ బెంచీ మీద, ఆ హాలు నడిమధ్యన కూర్చొని, ఇద్దరికీ టీ చెప్పాను.