రెండో పేరు

చిక్కబళ్లాపురంలో బడిపిల్లల వివరాలు కంప్యూటరుకెక్కించే పనిలో నేనున్నప్పుడు, మాకు గణాంకాలు చూసే సారొకరు ఉండేవారు. కుర్చీలో కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఏ పేరు మీద అనుమానం వచ్చినా లేచి, తెర మీద వేలుపెట్టి, "ఈ బిడ్డ యాడుండాదమ్మా?" అని అడిగేవారు.

ఒకసారి గూళూరు వైపు బడి నుంచి హర్షిత, హర్షిక అని రెండు పేర్లు వచ్చాయి. తండ్రి పేరు, పుట్టినరోజు ఒకటే. ఒకే పిల్ల రెండుసార్లు ఎక్కిందనుకుని ఒక పేరు తీసేశాను. కొన్నాళ్లకు, తీసేసిన పేర్ల జాబితాలో అది సారు కంటపడింది. తింటున్న అన్నం వదిలేసి, నన్ను వెంటబెట్టుకుని ఆ బడికని బాగేపల్లి బస్సెక్కారు. దారంతా ఆయన మోకాలు ఆడుతూనే ఉంది.

బడిలో ఇద్దరూ ఉన్నారు. కవలలు. హర్షిక వట్టి చేతులతో నిలబడి, "నా పేరు లిస్టులో లేదంట సార్. పుస్తకాలు అక్కకే ఇచ్చినారు," అంది.

"తప్పు మాదేనమ్మా," అని సారు ఆ పిల్ల చేతే పేరు రాయించుకున్నారు.

తిరుగుబస్సులో, "తీసేసింది నేను కదా సార్," అన్నాను.

"అది సరేమ్మా. ఇట్లా ఇంకెంతమందిని తీసేసినామో," అన్నారు.

మరునాడు నేను వెళ్లేసరికి, మేం తీసేసిన పేర్లన్నీ ముందేసుకుని ఒక్కో బడికీ ఫోన్ చేస్తున్నారు.