చేతికందే ఎత్తు

టైలరక్క చిన్న గుడ్డముక్కని కూడా పారెయ్యనిచ్చేది కాదు. "ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుందిలే" అంటూ అటక నిండా కుక్కేది. అలాంటి మనిషి ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే కొంగు బిగించి ఇల్లు సర్దడం మొదలెట్టింది. అటక ఖాళీ అయింది. కాళ్లకి అడ్డం పడే స్టూళ్లు ఇరుగుపొరుగుకి పోయాయి. మిగిలిన ప్రతి వస్తువుకీ మొగుడి చేతికందే ఎత్తులో ఒక చోటు చూసి పెట్టింది. ఆయనకి చూపు బాగా మసకబారింది. మంచినీళ్లు కావాలన్నా ఆమెనే కేకేస్తాడు.

"ఉప్పు డబ్బా తియ్యండి, చూద్దాం."

ఆయన తడిమి తడిమి పంచదార తీశాడు. "ఈ వయసులో నాకీ పరీక్షలేంటే? నువ్వున్నావుగా!"

డాక్టరు చేతులెత్తేశాడని అక్కకీ, తోడు వెళ్లిన చెల్లెలికీ తప్ప ఎవరికీ తెలియదు. "బావకి చెప్పెయ్యక్కా," అంది చెల్లెలు గుసగుసగా.

"చెబితే ఏడుస్తూ కూచుంటారు. ముందు ఇవి నేర్చుకోనీ." అక్క కూడా గొంతు తగ్గించే అని, ఉప్పు డబ్బాకి రబ్బరు బ్యాండు చుట్టింది. "మళ్లీ తియ్యండి."

ఈసారి ఉప్పే వచ్చింది. "చూశావా! ఇక నీతో పనే లేదు," అని ఆయన పకపకా నవ్వాడు.

అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఆయాసంతో గోడ పట్టుకుని, "ఇప్పుడు పొయ్యి వెలిగించండి," అంది.